గుండీల పెద్దమ్మ ఎక్కడ?

ఫిబ్రవరి 6

సైరనమ్మకి,

అందరం క్షేమమని మొదలెడదామని కలం పట్టుకున్నాను గానీ, సగమే క్షేమం కాబట్టి ముందు ఆ సగం రాస్తాను. మీ అన్నయ్య కంటి ఆపరేషను బాగా జరిగింది. కంటికి పచ్చగుడ్డ కట్టుకుని మంచం మీద మహారాజులా కూర్చున్నాడు. చెవులు ఎప్పుడో మిల్లుకి ఇచ్చేశాడు, ఇప్పుడు కళ్ళు కూడా సెలవు పెట్టాయి. పేపరు నేనే చదివి వినిపించాలి. వినిపించడమంటే నీకు తెలియనిదేముంది, మగ్గాల మోతలో పెరిగిన గొంతులు మనవి. నేను ఇంట్లో వార్తలు చదువుతుంటే వీధి చివర కొట్టువాడు "అమ్మా, ఆ ఆటల పేజీ కూడా కానిచ్చెయ్యి" అంటున్నాడు.

మీ పార్టీవాళ్ళు నీ ఎన్నికల బొమ్మ మా కుట్టు షాపు గోడకి అంటించి వెళ్ళారు. మిషను దగ్గర కూర్చుంటే నీ ఎడమ కన్ను నన్నే చూస్తూ ఉంటుంది. ఆ నవ్వు మాత్రం నీది కాదు మరదలా, ఎవరో అరువిచ్చినట్టుంది. జెండాల పని కూడా నాకే వచ్చింది. రోజంతా అంచులు మడిచి కుట్టడమే. జెండాకి గుండీలుండవు కాబట్టి గుండీల పెద్దమ్మ "నాకిందులో పనేముంది" అని స్కూలు యూనిఫారాలు ఒళ్ళో వేసుకుని ఓ మూల కూర్చుంటోంది. నీ బొమ్మ చూసి, "చిక్కిపోయింది" అంది. నువ్వు చిక్కిపోయావని అన్న మనిషిని ఈ వీధిలో ఇప్పుడే చూశాను.

ఇక మిగతా సగం. నిన్న ఒకాయన షాపుకి వచ్చాడు. నల్ల బూట్లు, దుమ్మన్నది అంటని బూట్లు. కొలతలివ్వడానికొచ్చాడనుకుని టేపు తీశాను. "సమ్మె రోజుల్లో మీ ఆడపడుచు ఏం చేసేది? ఎవరితో తిరిగేది?" అని మొదలెట్టాడు. "అప్పుడూ ఇప్పటిలాగే, వంట రాదు, నోరు ఆగదు" అన్నాను. నవ్వలేదు. నవ్వని మనిషంటే నాకు భయం. తర్వాత వీధిలో ఒక్కో గుమ్మం ఎక్కాడు. పెద్దమ్మ ఇంట్లో మాత్రం చాలాసేపు కూర్చున్నాడు. మా రెండిళ్ళకీ మధ్య ఒక్క ఇటుక గోడేగా, నాకు వినబడింది. "మీ అబ్బాయిని తీసుకెళ్ళిన రోజు ఆవిడ ఎక్కడుంది?" అని అడిగాడు. పెద్దమ్మ గొంతు వినబడలేదు.

అతను వెళ్ళాక గడియ పెట్టిన చప్పుడైంది. ఆవిడ కొడుకుని, మన పొడుగోణ్ణి, పోలీసులు జీపెక్కించి తీసుకెళ్ళిన రోజు నుంచి ఆ తలుపుకి గడియ పడలేదు, వాడు ఎప్పుడొస్తాడో ఏమో అని. నిన్న పట్టపగలు పడింది.

ఎవరతను? మీ వాడా, ఎదుటి పార్టీ వాడా? ఫోనులో అడగొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. ఆ ధ్యాసలో రెండు జెండాలు తిరగేసి కుట్టాను.

మీ వదిన


ఫిబ్రవరి 10

వదినా,

నీ ఉత్తరం చదువుతూ మొదట్లో నవ్వాను. చివరికొచ్చేసరికి లేచి వెళ్ళి తలుపు దగ్గరికేశాను.

ఫోను సంగతి సరిగ్గా చెప్పలేదు నీకు. నా ఫోను నా దగ్గర ఉండదు. ప్రచారం చూసే మేనేజరు దగ్గర ఉంటుంది. ఎవరితో మాట్లాడాలో, ఎంతసేపు మాట్లాడాలో అతనే చూస్తాడు. చెడ్డవాడు కాదు. నా గురించి నాకన్నా అతనికే ఎక్కువ తెలుసు, అదే ఇబ్బంది. ఆఫీసులో ఒక గోడ నిండా ఊరి పటం పెట్టి గుండుసూదులు గుచ్చాడు. మన వీధి మీద ఎర్ర సూది ఉంది. ఏమిటని అడిగితే, "సున్నితమైన చోటండీ" అన్నాడు. నేను పుట్టిన వీధి నాకే సున్నితమైన చోటైంది.

ప్రసంగం కూడా అతనే రాస్తాడు. సమ్మె గురించి రెండు వాక్యాలు ఉంచాడు, పోరాటాల్లో పెరిగిన ఆడపిల్ల అనీ, కార్మికుల బిడ్డ అనీ. పొడుగోడి మాట నేను రాసుకుంటే కొట్టేశాడు. ఎందుకని అడగలేదు, నాకు తెలుసు. అప్పటి స్టేషను ఆఫీసరే ఇప్పుడు మా పార్టీ ఉపాధ్యక్షుడు. ఇక్కడ అందరూ పెద్దాయన అంటారు. పొడుగోణ్ణి ఎక్కించుకున్న జీపు అతని స్టేషనుదే. నెలల తరబడి ఆ స్టేషను ముందు డ్రమ్మెక్కి "పొడుగోడు ఎక్కడ?" అని అరిచి సైరనని పేరు తెచ్చుకున్నదాన్ని నేను. మీరందరూ కింద నిలబడి అందుకునేవాళ్ళు. అతను వరండాలో నిలబడి వినేవాడు. ఒక్కసారీ నోరు విప్పలేదు. ఇప్పుడు నన్ను "అమ్మా" అని పిలుస్తాడు, తన కప్పు పక్కన పెట్టి టీ ముందు నాకు అందిస్తాడు.

పార్టీలో చేరినప్పుడు నువ్వొక మాటన్నావు, "బయట నుంచి తలుపు బాదింది చాలు, లోపలికెళ్ళి కూర్చో" అని. వచ్చి కూర్చున్నాను. ఇక్కడ తలుపులు లోపల నుంచి కూడా వేసి ఉంటాయి వదినా.

ఆ బూట్లాయన ఎదుటి పార్టీ మనిషే అయ్యుంటాడు. పెద్దమ్మ అతనితో ఏమంది? కనుక్కుని రాయి. నేనడిగానని మాత్రం ఆవిడకి చెప్పకు. మార్చి రెండున మిల్లు మైదానంలో పెద్ద సభ. పెద్దాయన ముందు వరసలో ఉంటాడు.

అన్నయ్యని కన్ను నలుపుకోవద్దను. వినడని తెలుసు.

నీ మరదలు


ఫిబ్రవరి 14

సైరనూ,

మీ అన్నయ్య కన్ను నలుపుకోవడం లేదు, నా ప్రాణం నలుపుకు తింటున్నాడు. "నా చెల్లెలి ఉత్తరం చదువు, చదువు" అని ఒకటే గోల. అన్నీ చదవలేదులే. ఆయన వేళకి అన్నం తింటున్నాడో లేదో అని అడిగావని చెప్పాను. నమ్మాడు.

పెద్దమ్మని అడిగాను. ఆ బూట్లాయనతో ఏమీ అనలేదట. "టీ తాగుతావా బాబూ అన్నాను. వద్దన్నాడు" అంది, అంతే. కానీ మనిషి మారిపోయింది. సూదిలో దారం ఎక్కించి అలాగే పట్టుకుని కూర్చుంటోంది. వీధిలో ఏ బండి ఆగినా లేచి నిలబడుతోంది. మొన్న నీళ్ళ బండి హారన్ కొడితే చేతిలో గుండీలన్నీ కింద పోసేసింది. ఇద్దరం నేల మీద పాకుతూ ఏరుకున్నాం. అలా ఏరుతూనే నన్నడిగింది: "సైరను వచ్చిన రోజు నాకు ముందు వరసలో చోటు దొరుకుతుందా?"

"నీకు దొరక్కపోతే ఎవరికి దొరుకుతుంది, నీ ఒళ్ళో పెరిగిందేగా" అన్నాను.

"దాన్ని ఒక్క మాట అడగాలి" అంది.

ఏం మాటని అడిగాను. కుళాయి సంగతా, పెన్షను సంగతా అని. తల అడ్డంగా ఊపింది. "దాన్నే అడగాలి" అంది. అప్పటి నుంచి ఆ రోజుకి కట్టుకోవడానికని బట్టలు తీసి మడత విప్పి, మళ్ళీ మడతపెట్టి, అదే పని.

నిన్న ఇంకో ఇద్దరు వచ్చారు. వీళ్ళు వేరే. ఎదుటి పార్టీ వాళ్ళమని చెప్పే వచ్చారు, దాచుకోలేదు. పళ్ళు తెచ్చారు. "మా సభకి రామ్మా, స్టేజీ మీద కూర్చోబెడతాం, నీ కొడుకు గురించి చెబుదువు గాని" అన్నారట. పళ్ళు నాకు పంపేసింది. మీ అన్నయ్య తినేశాడు. ఆయనకి అన్ని పార్టీల పళ్ళూ ఒకటే.

మరి ఆ మొదటివాడు ఎదుటి పార్టీ మనిషైతే, మళ్ళీ వీళ్ళెందుకు వచ్చారు? ఆలోచించు.

మీ వదిన


ఫిబ్రవరి 17

వదినా,

ఇది చదివి చించెయ్యి. పొయ్యిలో పడేసినా సరే.

ఆలోచించాను, మేనేజర్ని అడిగాను కూడా. తడుముకోకుండా చెప్పాడు, ఆ బూట్లాయన మా మనిషే. "మీ గతంలో ఏముందో ఎదుటివాళ్ళకన్నా ముందు మనకి తెలియాలి కదండీ" అన్నాడు. నా గతం కనుక్కోవడానికి నా ఇంటికే మనిషిని పంపి, నాతో మాట మాత్రం అనలేదు.

నువ్వు రాసింది కూడా అతనికి చెప్పాను, పెద్దమ్మ ఒక్క మాట అడగాలంటోందని. చెప్పకుండా ఉండాల్సింది. అప్పటి నుంచి ఆఫీసులో వేరే పని లేదు. సభ మధ్యలో ఆవిడ లేచి, పెద్దాయన ముందు, కెమెరాల ముందు, "నా కొడుకు ఎక్కడ?" అని నన్ను అడిగితే నేనేం చెప్పాలి? తెలీదంటే, అప్పుడు అరిచినదంతా నాటకమంటారు. పెద్దాయన్ని అడగమంటే నా టికెట్టు ఆ స్టేజీ మీదే చిరిగిపోతుంది. ఎటు తిరిగినా గోడే. నాకు నిద్ర లేదు, తిండి సయించడం లేదు. కళ్ళు మూస్తే ఆవిడ లేచి నిలబడుతున్నట్టే కనబడుతోంది.

అందుకని నువ్వొక పని చేసిపెట్టాలి. సభ రోజు ఆవిణ్ణి వీధిలో లేకుండా చూడు. మీ అక్కా వాళ్ళింటికి తీసుకెళ్ళు, రెండు రోజులుంచుకో, గాలి మార్పని చెప్పు. మేనేజరు కారు పంపుతానన్నాడు. నువ్వు ఊ అంటే ముందురోజే పంపిస్తాడు. ఆవిడకి ఏ లోటూ రానివ్వను. ఎన్నికలయ్యాక నేనే వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంటాను, ఎన్ని మాటలడిగినా వింటాను.

నన్ను తిట్టుకుంటావని తెలుసు. తిట్టుకుంటూనే చెయ్యి.

నీ మరదలు


ఫిబ్రవరి 21

నిన్ను ఏమని పిలవాలో తెలీడం లేదు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివాక నా మొహం చూసి మీ అన్నయ్య పట్టుకున్నాడు. సగం చూపే ఉన్నా నా మొహం మాత్రం బాగానే కనబడుతుంది. "ఏం రాసింది? ఏమైంది దానికి?" అని మంచం దిగిపోయాడు. నీకేదో అయిందనుకుని గుండె పట్టుకున్నాడు. అబద్ధమాడదామంటే నాకు నోరు రాలేదు. చదివాను.

మీ అన్నయ్యకి చదివి వినిపించడమంటే ఎలాగో నీకు తెలుసు. "ఆవిణ్ణి వీధిలో లేకుండా చూడు" అన్న చోట ఆయనకి అందలేదు. "ఏంటీ?" అన్నాడు. మళ్ళీ చదివాను. "ఎవర్నీ?" అన్నాడు. "గుండీల పెద్దమ్మని! కారొస్తుందట, ఎక్కించి పంపెయ్యాలట!" అని గొంతు చించుకుని చెప్పాను. అప్పుడు అర్థమైంది ఆయనకి. పెద్దమ్మ ఇంటి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు నేనూ ఆ గోడ వైపు చూశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అవతల చిన్న చప్పుడు కూడా లేదు.

పరిగెత్తుకెళ్ళి తలుపు కొట్టాను. గడియ తియ్యలేదు. "నిద్రొస్తోందే, పొద్దున మాట్లాడుకుందాం" అంది లోపల నుంచి. మామూలుగానే అంది. నేను వెనక్కొచ్చేశాను. ఎందుకొచ్చానా అని ఇప్పుడు తల బాదుకుంటున్నాను.

పొద్దున చూస్తే ఆ తలుపుకి తాళం ఉంది. కిటికీలోంచి చూశాను. సగం కుట్టిన చొక్కా, దానికే గుచ్చి వదిలేసిన సూది, కంచంలో గుండీలు. పని మధ్యలో లేచి వెళ్ళే మనిషి కాదు ఆవిడ. తెల్లవారుజామున ఏదో బండి చప్పుడైందని పాలవాడు అంటున్నాడు. పాలబండేమో అంటే, పాలబండి తనదేనంటున్నాడు.

నువ్వు పంపావా కారు? నేను ఊ అనకుండానే? చెప్పు. ఒక్క ముక్క రాస్తే చాలు.


ఫిబ్రవరి 23

వదినా,

నేను పంపలేదు. నీ మీద ఒట్టు, అన్నయ్య మీద ఒట్టు, పంపలేదు.

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాను. "ఆవిడెక్కడ?" అని అడిగాను. "ఎవరండీ?" అన్నాడు. ఎంత ప్రశాంతంగా అన్నాడంటే, నమ్మబుద్ధి కాలేదు. అతను కాదన్నాడు, ప్రమాణం చేశాడు. ఇంతకు ముందు బూట్లాయన సంగతి కూడా దాచాడుగా. అతను నిజం చెప్తున్నప్పుడు ఎలా ఉంటాడో, అబద్ధం చెప్తున్నప్పుడు ఎలా ఉంటాడో నాకు తేడా తెలీడం లేదు. ఎదుటివాళ్ళు ఎత్తుకెళ్ళి సభలో దించుతారేమో అంటున్నాడు. పెద్దాయన చెవిన పడిందేమో అన్న భయం ఇంకోటి. ఆ మాట పైకి అనడానికి కూడా నాకు ధైర్యం లేదు, రాస్తుంటే కలం ఆగిపోతోంది.

ఒక్కటి మాత్రం విను. స్టేషనుకి వెళ్ళకు. వెళ్తే పేపర్లో వస్తుంది, అప్పుడు ఆవిడ ఎవరి చేతుల్లో ఉన్నా వాళ్ళు భయపడి ఏదైనా చేస్తారు. నా మనుషుల్ని నేను వెతికిస్తాను. ఈ కాస్త ఆగు.

నీ మరదలు


ఫిబ్రవరి 27

నువ్వు ఆగమన్నావని చెప్తే వీధిలో ఎవరూ నా మొహం చూడటం లేదు. "సైరను ఆగమందా?" అని పాలవాడు మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఒకప్పుడు పొడుగోణ్ణి తీసుకెళ్ళిన మర్నాడు పెద్ద మనుషులు ఆగమంటే, "ఆగితే మనిషి దొరకడు, ఆగకూడదు" అని డ్రమ్మెక్కింది నువ్వే. మాకు నేర్పింది నువ్వే.

అందుకని ఆగలేదు. ఆసుపత్రులు చూశాం. బస్టాండు చూశాం. స్టేషనుకీ వెళ్ళాం. అదే వరండా, అదే బెంచీ. వివరాలు రాసుకుంటున్నవాడు పెద్దమ్మ ఇంటి నంబరు వినగానే తలెత్తి, "ఆ ఇంట్లో మాయమైపోవడం అలవాటా?" అని నవ్వాడు. మీ అన్నయ్యకి వినబడలేదు కాబట్టి సరిపోయింది.

నీ నుంచి ఒక్క ముక్క లేదు. వెతికిస్తానన్నావు. వెతికించేవాళ్ళు ఎవరూ వీధిలోకి రాలేదు. నీకు జడలు వేశాను, జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నాను, నీ మీద కోపం వచ్చింది గానీ భయం ఎప్పుడూ వెయ్యలేదు. ఇప్పుడు వేస్తోంది. మీ మనుషులు వచ్చి నన్ను కూడా కారెక్కమంటే ఎలాగా అని గుమ్మం దగ్గర చెప్పులు కూడా విప్పడం లేదు.

రెండో తారీకున వీధంతా మైదానానికి వస్తోంది.


మార్చి 3

ఇదే ఆఖరు ఉత్తరం, పోస్టులో వెయ్యకుండా పాలవాడి చేతికిచ్చి పంపుతున్నాను. జరిగింది నీకు తెలుసు, అయినా నా కళ్ళతో చూసింది రాస్తాను.

నువ్వు స్టేజీ మీదకొచ్చినప్పుడు మేం మధ్యలో ఉన్నాం. ముందు మీ అన్నయ్యే మొదలెట్టాడు. తన గొంతు తనకి వినబడదుగా, ఎంత గట్టిగా అరుస్తున్నాడో తెలీదు. "గుండీల పెద్దమ్మ ఎక్కడ?" అన్నాడు. మేం అందుకున్నాం. పాలవాడు, కొట్టువాడు, కుళాయి దగ్గర రోజూ కొట్టుకునే ఆడవాళ్ళు, అందరూ. నీ ప్రసంగం ఆగిపోయింది. నువ్వు నన్ను చూశావు.

నేను కాపురానికి వచ్చేసరికి నువ్వు చిన్న పిల్లవి. తెలీకపోతే నీ మొహం ఎలా ఉంటుందో, తెలిసి చెప్పకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంత దూరం నుంచి చూసినా తెలుసు. నీకు తెలుసు ఆవిడ ఎక్కడుందో. తెలిసి మైకు ముందు నోరు కదపకుండా నిలబడ్డావు. ముందు వరసలో మీ పెద్దాయన తల వంచుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు. ఒక్క క్షణం నాకు మీ ఇద్దరిలో ఎవరు ఎవరో తేడా తెలీలేదు.

ఆ తర్వాత మీ వాళ్ళు జెండా కర్రలు అడ్డం పెట్టి మమ్మల్ని వెనక్కి నెట్టారు. నేను అంచులు కుట్టిన జెండాలే. మీ అన్నయ్య పడ్డాడు. కంటికట్టు ఊడింది. చూపు నిలుస్తుందో లేదో వారం పోతేగాని చెప్పలేమన్నాడు డాక్టరు. ఆయన మాత్రం నన్ను ఒకటే అడుగుతున్నాడు: "చెల్లి ఏమంది? నాకు వినబడలేదు. జవాబు చెప్పిందా?" అని.

ఏం చెప్పను?

నాకిక ఆడపడుచు లేదు.


మార్చి 4

వదినా,

ఉత్తరం చించేసే ముందు చదువు. చదివాక ఏం చేసినా సరే.

పెద్దమ్మ నా దగ్గరే ఉంది. నీకు నేనేమీ ఎరగనని ఉత్తరం పంపిన రోజే, అది డబ్బాలో పడ్డాక, మధ్యాహ్నం వచ్చింది. ఎవరూ తీసుకురాలేదు. గోడ అవతల నుంచి మొత్తం విందట. "కారు పంపుతావని విన్నానే. కారొస్తే నేను అక్కడే చచ్చిపోతాను. అందుకే నేనే వచ్చేశా" అంది. చీకటి విడవకముందే తాళం వేసి, నడిచి, బస్సులు మారి, నా ఇల్లు తెలీక ఆఫీసుకి వెళ్ళిందట. కాపలావాళ్ళు పంపేశారట. రెండు రాత్రులు రైల్వే స్టేషనులో పడుకుని, మళ్ళీ దారి అడుగుతూ వచ్చింది. వాకిట్లో నిలబడి నన్ను చూసి ఆవిడ అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "నన్ను ఎక్కడ దాస్తావో దాచెయ్యి. నా వల్ల నీ పని చెడకూడదు" అంది.

దాచాను వదినా. వెనక గదిలో. అన్నం పెట్టాను, పక్క వేశాను, కిటికీ రెక్క వేసేశాను.

నీకు రాయొచ్చు. రాస్తే ఆ కాగితం ఎవరి చేతిలో పడినా, అభ్యర్థి ముసలావిణ్ణి ఇంట్లో బంధించిందంటారని భయపడ్డాను. సభ అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. మీరు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నారని నీ ఉత్తరం వచ్చింది. అది చదివాక కూడా ఊరుకున్నాను. స్టేషనులో వాడన్న మాట చదివి ఏడ్చాను, ఏడ్చి మొహం కడుక్కుని ప్రచారానికి వెళ్ళాను. ఇది నాకు నేనే చెప్పుకోలేకపోతున్నాను, నీకు చెప్తున్నాను.

సభలో నువ్వు చూసింది నిజమే. నాకు తెలుసు, చెప్పలేదు. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలీదు. అన్నయ్య గొంతు ఒక్కటే వినబడుతోంది. అన్నయ్య పడిపోవడం చూశాక నోరు పెగిలింది. "మా ఇంట్లో ఉంది, మా ఇంట్లోనే ఉంది" అని అరిచాను. అప్పటికే మేనేజరు మైకు కట్టేయించాడు. ఆ గోలలో ముందు వరస దాటి ఎవరికీ వినబడలేదు. పెద్దాయన మాత్రం విన్నాడు. తలెత్తి నా వైపు చూసి, అర్థమైందన్నట్టు చిన్నగా తలూపాడు. వదినా, జన్మలో నన్ను ఏదీ అంత భయపెట్టలేదు. తనలాంటిదాన్నే అనుకున్నాడు నన్ను.

ఇంటికొచ్చి పెద్దమ్మకి అంతా చెప్పాను. వీధంతా ఆవిడ కోసం వచ్చిందని చెబితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య కన్ను సంగతి చెబితే చాలాసేపు ఏడ్చింది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, "ఏదో ఒక్క మాట అడగాలన్నావట, ఇప్పుడు అడుగు" అన్నాను. సిద్ధపడే అన్నాను, నా కొడుకు ఎక్కడని అడుగుతుంది, నాకు తెలీదని చెప్పి ఏడవడమే మిగిలిందని.

ఆవిడ అది అడగలేదు. "ఆ ఆఫీసరూ నువ్వూ ఇప్పుడు ఒకే చోట కూర్చుంటారటగా. కలిసి టీ తాగుతారట. నువ్వు ఆ పార్టీలోకి వెళ్ళావని విన్నప్పుడు వీధిలో అందరూ ఏదేదో అన్నారు గానీ నేను సంతోషించానే. ఇన్నాళ్ళకి మన మనిషి అతని పక్కకి చేరింది, నెమ్మదిగా, గొడవ లేకుండా అడుగుతుంది అనుకున్నాను. కబురు పంపుతావేమోనని చూస్తూనే ఉన్నాను. రెండేళ్ళయింది. అడిగావా?"

అంతే. సభలో అడగాలనుకున్న ఒక్క మాట అదేనట. దాని కోసమే ముందు వరసలో చోటు అడిగింది.

అడగలేదు వదినా. రెండేళ్ళలో ఒక్కసారి కూడా నాకు ఆ మాట నోటిదాకా రాలేదు.

ఇప్పుడు బయల్దేరుతున్నాం. పెద్దాయన పొద్దుటిపూట ఇంట్లోనే ఉంటాడు. కారు వద్దంది, నడిచే వెళ్తాం. మేనేజరుకి చెప్పలేదు. దార్లో డబ్బాలో ఈ ఉత్తరం వేస్తాను. టికెట్టు ఉంటుందో పోతుందో, అక్కణ్ణుంచి ఎలా తిరిగొస్తామో తెలీదు. అన్నయ్యకి చెప్పు, చెల్లి జవాబు చెప్పిందని, ఆలస్యంగా చెప్పిందని. గట్టిగా చెప్పు, వీధంతా వినాలి.

పెద్దమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. నేనే ఇంకా రాస్తూ కూర్చున్నాను. డ్రమ్మెక్కి అరిచిన రోజుల్లో నాకు ఇంత భయం లేదు, ఎంత అరిచినా అతను చెప్పడని తెలుసు కాబట్టి. ఇప్పుడు, ఆవిడ నా పక్కనే ఉండగా, చెప్తాడేమో వదినా.

నువ్వు లేదనుకున్నా,
నీ ఆడపడుచు